మన కాలేజీ స్టేడియం, పాత లైబ్రరీ, హాస్టల్ మరమ్మతులు: ముందు ఏది ముట్టుకోవాలి?

గోడదూకినోడు (శనివారం రాత్రి 9:52)
అందరికీ నమస్కారమండి. ఇవాళ పూర్వ విద్యార్థుల కమిటీ మీటింగుకెళ్లొచ్చాను. ప్లాను చూపించారు. గ్యాలరీ మీద కొత్త రేకుల కప్పు, చుట్టూ సింథటిక్ ట్రాకు, లైబ్రరీకి ప్లాస్టరింగూ రంగులూ, పాత హాస్టల్ పడగొట్టి మూడంతస్తుల బ్లాకు, మెయిన్ గేటు దగ్గర ఆర్చి. రంగుల బొమ్మల్లో చూస్తే ఏదో సింగపూర్‌లా ఉంది. మీటింగయ్యాక గ్రౌండులోకి నడిచాను. వానలు పోయి పది రోజులైంది, లాంగ్‌జంప్ గుంటలో ఇంకా మోకాలి లోతు నీళ్లు. వంగి చూస్తే అందులో పిత్తపరిగెలు తిరుగుతున్నాయండి, అబద్ధం కాదు. గ్యాలరీ ముందు వరస స్తంభాలకి పెచ్చులూడి చువ్వలు బయటికొచ్చాయి. పైమెట్టు పగుల్లో రావిమొక్క నా భుజమంత ఎదిగింది. మీరేమంటారో రాయండి, వచ్చే నెల మీటింగులో చదివి వినిపిస్తాను.

సిండర్‌ట్రాక్_84 (రాత్రి 10:10)
పిత్తపరిగెలా! మా రోజుల్లో అక్కడ బొగ్గు చిట్టెం పోసిన ట్రాకు ఉండేది. పడితే మోకాలిచిప్ప మీద నల్లమచ్చ జన్మకి పోదు, నాది ఇంకా ఉంది. వాన పడ్డ మర్నాడు సాయంత్రానికే పరిగెత్తేవాళ్లం. ఇప్పుడు పది రోజులా?
గ్యాలరీ కప్పు సంగతి కొత్త పిల్లలకి తెలీదు. 1996 నవంబరు 6 తుఫానుకి రేకులన్నీ లేచిపోయి వెనక కొబ్బరితోటలో పడ్డాయి. చెట్లే సగం కూలిపోయాక రేకులెవరు ఏరతారు? అప్పట్నుంచీ గ్యాలరీ ఎండకి ఎండుతూ వానకి తడుస్తూనే ఉంది.

సెంట్రింగ్_శాస్త్రం (రాత్రి 10:31)
నేను బిల్డింగు పనుల్లోనే ఉన్నానండి. ఒక్క మాట చెప్తా, తిట్టుకోకండి. పాతదానికి మాట్లేసే ఖర్చుతో కొత్తది లేస్తుంది. చువ్వ తేలిందంటే దాని పని అయిపోయినట్టే. గ్యాలరీ, లైబ్రరీ, హాస్టల్ మూడూ పడగొట్టి, మొత్తం మూడడుగులు మెరక చేసి, శుభ్రంగా కట్టుకోవడం మేలు.

సైటింజనీరు (రాత్రి 11:05)
అన్నా, కోపం వద్దు గానీ, చూడకుండానే పంచనామా రాసేశావు. చువ్వ తేలితే అది ఎందుకు తేలిందో ముందు కనుక్కోవాలి.
కాంక్రీటులో క్షారగుణం ఉన్నంతకాలం లోపలి ఇనుముకి తుప్పు పట్టదు. గాలిలో బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి లోపలికి ఇంకి ఆ గుణాన్ని చంపేస్తుంది. అది చువ్వదాకా చేరాక చెమ్మ తగిలితే తుప్పు మొదలు. తుప్పు ఇనుము కంటే రెండింతల పైనే చోటు తీసుకుంటుంది కాబట్టి చువ్వని కప్పిన కాంక్రీటు పొరని, అదే కవర్‌ని, బయటికి తన్నేస్తుంది. మనం పెచ్చులూడటం అనేది అదే. కవర్ సరిగ్గా ఉన్న స్తంభాలు అదే గ్యాలరీలో నిక్షేపంగా ఉండొచ్చు. కాంక్రీటు గట్టిదనం కొట్టి చూసే రీబౌండ్ హామరు, శబ్ద తరంగాలు పంపి లోపల చూసే అల్ట్రాసోనిక్, నాలుగు చోట్ల కాంక్రీటు ముక్కలు (కోర్లు) తొలిచి తీసి ప్రెస్సులో నొక్కి చూడటం, ఈ పరీక్షలన్నీ చేయించాకే కూల్చాలా ఉంచాలా అని మాట్లాడాలి. ఇవేవీ లేకుండా కమిటీ పైకప్పు డిజైను ఎలా గీసిందో నాకర్థం కాలేదు. కొత్త కప్పు బరువూ, దాని కిందికి దూరి పైకెత్తే తుఫాను గాలీ మోసేది ఆ స్తంభాలే కదా.

కొబ్బరాకు (రాత్రి 11:20)
ఆర్చి మాత్రం తప్పకుండా కట్టాలండోయ్. లేకపోతే దాతల పేర్లు ఎక్కడ రాస్తారు 😀

ఫ్రిస్కో_గోదారోడు (ఆదివారం ఉదయం 6:14)
కొబ్బరాకూ, ఆర్చికి డబ్బిస్తానన్నది నేనే. మా నాన్నగారు చదివిన కాలేజీ, ఆయన పేరుండాలని ఆశ. అందులో తప్పేముంది?

కొబ్బరాకు (ఉదయం 7:02)
తప్పు లేదన్నయ్యా, క్షమించు. నాన్నగారి పేరన్నది తెలీక వాగాను.

పీఈటీ_మేడమ్ (ఉదయం 8:40)
నేను ఇక్కడ పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మీ ప్లానులో నాకు కనపడనిది చెప్తాను.
నా దగ్గర కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్ ఆడే ఆడపిల్లలు నలభై మంది దాకా ఉన్నారు. సగం మంది లంక గ్రామాల నుంచి పొద్దున్నే మొదటి బస్సుకొస్తారు. బట్టలు మార్చుకునేది కెమిస్ట్రీ స్టోరు గదిలో, ఒకమ్మాయి తలుపు బయట కాపలా. గ్యాలరీ కింద ఆరు గదులున్నాయి. నాలుగింట్లో విరిగిన బెంచీలు, ఒక దాంట్లో పాత జవాబు పత్రాలు. ఆరో గది తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. ఆ గదులు నాకివ్వండి. రెండు మరుగుదొడ్లు, స్నానానికి నీళ్లు, లోపల గడియ ఉన్న ఒక తలుపు. ఇది సింథటిక్ ట్రాకులో ఒక్క లేను ఖర్చు కూడా అవదు.
ఇంకోటి. రెండేళ్ల కింద ఒక పెద్దమనిషి వస్తున్నారని గ్రౌండు మధ్యలో కంకర పోసి, రోలరు తిప్పి హెలీప్యాడ్ చేశారు. ఆయన పావుగంట ఉండి వెళ్లిపోయారు, కంకర ఉండిపోయింది. ఆ రోలరు తొక్కిన చోట ఇవాళ్టికీ నీరు ఇంకదు, గరిక కూడా మొలవదు.

మూడోవరస_బెంచీ (ఉదయం 9:15)
మేడమ్, నమస్కారం. మీ పోస్టు ప్రింటు తీసి కమిటీ గోడకి అంటించాలి.
అయినా సింథటిక్ వద్దంటే ఎలా? సాత్విక్‌సాయిరాజ్ అమలాపురం కుర్రాడు. 2022 కామన్వెల్త్‌లో, 2023 హాంగ్‌ఝౌ ఏషియాడ్‌లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణాలు తెచ్చాడు. కోనసీమ పిల్లలకి మంచి సౌకర్యం ఉంటే ఇంకెంతమంది వస్తారో!

సైటింజనీరు (ఉదయం 10:03)
వస్తారు, కానీ ఇండోర్ బ్యాడ్మింటన్ కోర్టుకీ బయటి ట్రాకుకీ పోలిక లేదు తమ్ముడూ. సింథటిక్ పొర మందం 13 మిల్లీమీటర్లు. దాని ప్రాణమంతా కింది తారు బేస్‌లో ఉంటుంది. కింద చెమ్మ ఉంటే ఎండాకాలం ఆవిరై పొక్కులు లేస్తుంది. మన నేల ఒండ్రు బంకమట్టి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే వేళ్లు దూరేంత బీటలిస్తుంది. ట్రాకు వాలు అడ్డంగా నూటికి ఒకటి, పరుగు దిశలో వెయ్యికి ఒకటి మించకూడదని నిబంధన. అంత సన్నటి లెక్కతో వేసిన ట్రాకు ఈ నేల మీద రెండు వానాకాలాల్లో అలలు తిరుగుతుంది. ముందు నీళ్ల సంగతి తేల్చాలి.

లైబ్రరీ_కిటికీ (ఉదయం 11:30)
నేను లైబ్రరీలో అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. గోడ లోపల రెండడుగుల ఎత్తుదాకా ఉప్పు పూస్తుంది. ప్రతి మార్చిలో చీపురుతో దులిపితే చేటెడు. కింది అరల పుస్తకాలు బూజు పట్టి పై అరకి ఎక్కిస్తే, పై అరలోవి చోటు లేక బీరువాల మీదకెక్కాయి.
అది గానుగ సున్నంతో కట్టిన గోడ. మా పెద్ద మేస్త్రీ చెప్పేవాడు, కరక్కాయ నానబెట్టిన నీళ్లూ బెల్లమూ కలిపి తొక్కిన సున్నం అని. పైన మద్రాసు మిద్దె, టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నం దట్టించింది. ఒక్క చినుకు కారేది కాదు. ఓ ఇరవయ్యేళ్ల కింద గోడ చెమ్మగా ఉందని సిమెంటు ప్లాస్టరింగు చేయించారు. అప్పట్నుంచీ చెమ్మ అడుగున్నర నుంచి రెండడుగులకి ఎగబాకింది. ఇప్పుడు మళ్లీ ప్లాస్టరింగంటున్నారా?

మేస్త్రీగారబ్బాయి (ఉదయం 11:58)
అమ్మగారు చెప్పింది నిజమండి. సున్నం గోడ ఊపిరి పీలుస్తాది. నేలలోంచి ఎక్కిన చెమ్మ పక్కనుంచి గాలికి ఆరిపోద్ది. సిమెంటు కొడితే పక్కదారి మూసుకుపోయి చెమ్మ పైకి ఎక్కుద్ది. మా నాన్న ఇలాంటివి చాలా చేశాడు. సిమెంటంతా గీకేసి సున్నమే కొట్టాలి, రంగు కూడా వెల్లే. ప్లాస్టిక్ పెయింటు ముట్టుకోకూడదు. ఇప్పుడు సున్నం పనికి మనుషులు దొరకడమే కష్టం ఆయ్, కానీ దొరుకుతారు.

సెంట్రింగ్_శాస్త్రం (మధ్యాహ్నం 1:20)
సరేనయ్యా, లైబ్రరీ జోలికి నేను రాను. స్టేడియం మాత్రం మెరక చెయ్యకుండా కుదరదు. రెండు మూడడుగులు ఎత్తితే సమస్య అక్కడికక్కడే తీరిపోద్ది.

గోడదూకినోడు (సాయంత్రం 6:45)
ఇవాళ మేస్త్రీగారబ్బాయీ నేనూ వెళ్లి ట్యూబ్ లెవల్ పట్టామండి. పారదర్శకమైన గొట్టంలో నీళ్లు పోసి, ఆ చివర అతను, ఈ చివర నేను. వాచ్‌మన్ మమ్మల్ని సర్వే వాళ్లనుకుని టీ ఇప్పించాడు. లెక్కలివీ:
రోడ్డు నడిమధ్య కంటే గ్రౌండు మధ్యభాగం 2 అడుగుల 7 అంగుళాలు పల్లం. లైబ్రరీ చుట్టూ నేల రోడ్డు కంటే అడుగున్నర పల్లం. హాస్టల్ వరండా నేలా రోడ్డూ దాదాపు ఒకే మట్టం. కాలేజీ వెనక మురుగుబోదెలో ఇవాళ, వానలు లేని రోజున, నీటి మట్టం గ్రౌండు కంటే 4 అంగుళాలే కింద.
తారు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది గీకకుండా దాని మీదే వేశారు. రోడ్డు పైకి, మనం కిందికి. లైబ్రరీకి ఐదు మెట్లెక్కేవాళ్లమని సిండర్‌ట్రాక్ గారు ఫోన్లో చెప్పారు. ఇప్పుడు రెండే కనిపిస్తున్నాయి.

సిండర్‌ట్రాక్_84 (సాయంత్రం 7:05)
ఐదే. మూడో మెట్టు మీద కూర్చుని బఠాణీలు తినేవాళ్లం. మిగతా మూడూ ఎక్కడికి పోయాయయ్యా!

సైటింజనీరు (రాత్రి 8:30)
గోడదూకినోడు గారూ, మీరు ఒక్క గొట్టంతో చేసింది కమిటీ కన్సల్టెంటు చెయ్యలేదు. దణ్ణం.
ఇప్పుడు సెంట్రింగన్న మాట తీసుకుందాం. ఎనిమిది లేన్ల ట్రాకు దాదాపు 177 మీటర్ల పొడవు, 92.5 మీటర్ల వెడల్పు. మూలలు గుండ్రం కాబట్టి లోపలి విస్తీర్ణం 14,500 చదరపు మీటర్లు. రెండున్నర అడుగులు మెరకంటే 11 వేల ఘనపు మీటర్ల మట్టి. సరే, తెచ్చి పోశాం. అప్పుడు గ్రౌండు మీద పడ్డ వానంతా ఎటు పోతుంది? పక్కనే అడుగున్నర పల్లంలో ఉన్న లైబ్రరీకి, ఆ వెనక హాస్టల్‌కి. ఇప్పుడు స్టేడియం వాటికి చెరువులా పనిచేస్తోంది. దాన్ని ఎత్తేస్తే పుస్తకాలు ఈదుతాయి. అందుకే స్టేడియం ఒకటి, పక్క భవనాలు ఇంకొకటి అని విడివిడి టెండర్లు పిలవడమే తప్పు.
ఒక్క పూటలో 10 సెంటీమీటర్ల వాన పడితే (మనకి అదేం వింత కాదు), గ్రౌండు మీదే 14.5 లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే 290. సెకనుకి 40 లీటర్లు తోడే మోటారు పెట్టినా పది గంటలు ఆగకుండా తిరగాలి. తుఫాను రోజున కరెంటుంటుందా?

సార్వా_దాళ్వా (రాత్రి 9:12)
వ్యవసాయం చేసేవాడిగా ఒక మాట. మోటారుతో తోడి మురుగుబోదెలో వేస్తారు సరే, బోదె ఖాళీగా ఉండాలిగా? గోదారికి వరదొస్తే గట్టు కింద బోదె నీరు ఏట్లోకి పోయే అవుట్‌ఫాల్ స్లూయిజుల తలుపులు దించేస్తారు, లేకపోతే ఏటి నీరే ఊళ్ల మీదకి తన్నుద్ది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి హెచ్చరిక, 13కి రెండోది, 17కి మూడోది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఆ రోజుల్లో మీ మోటారు నీళ్లు బోదెలోకి పోయి, బోదె పొంగి, తిరిగి మీ గ్రౌండులోకే వస్తాయి. మా చేలల్లో ఏటా చూసే సర్కసే. కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టి నీళ్లు తెచ్చిపెట్టాడు, పోయే దారి మాత్రం మనమే పూడ్చుకున్నాం.

వార్డెన్_మాజీ (రాత్రి 10:40)
పూడ్చడమంటే గుర్తొచ్చింది. హాస్టల్ వెనక సైకిల్ స్టాండు, దాని పక్క సిమెంటు ప్రాంగణం ఉన్న చోట అరెకరం చెరువుండేది. 1986 ఆగస్టు వరదప్పుడు ఊరంతా మునిగినా మా పిల్లలు అన్నం ఆ గట్టు మీదే వండుకున్నారు. గ్రౌండు నుంచి చెరువులోకి ఇటుకల తూము ఉండేది, హాస్టల్ వంటింటి గోడ పక్కగా. వాన నీరు దాన్లోంచి పోయేది. 84 బ్యాచి బాబు మర్నాడే పరిగెత్తేవాడంటే మహిమ బొగ్గు చిట్టెంది కాదు, తూముది. చెరువులో దోమలని, పిల్లలు పడతారని నెమ్మదిగా చెత్త పోసి పూడ్చేశారు. నేను రిటైరయ్యాక.

సిండర్‌ట్రాక్_84 (రాత్రి 10:52)
వార్డెన్ గారూ! మీరు మమ్మల్ని ఆ చెరువులోంచి ఎన్నిసార్లు చెవి పట్టుకు లాక్కొచ్చారో. ఆ చెరువే పోయిందా అసలు?

సైటింజనీరు (సోమవారం ఉదయం 7:20)
రాత్రి నిద్ర పట్టలేదు మాస్టారూ. అరెకరం అంటే 2,000 చదరపు మీటర్ల పైమాట. వానాకాలంలో మన దగ్గర భూగర్భ జలం పైపైనే ఉంటుంది కాబట్టి చెరువు ఎప్పుడూ సగం నిండే ఉంటుంది, ముప్పావు మీటరు ఖాళీ దొరికిందనుకుందాం. 1,500 ఘనపు మీటర్లు. నిన్న నేను చెప్పిన గ్రౌండు వాన 1,450. అంటే ఆ చెరువు తవ్వినవాడు లెక్క తెలిసినవాడే. స్లూయిజు తలుపులు ఎత్తేదాకా చెరువు ఆపుతుంది, ఎత్తాక చిన్న మోటారు చాలు. లైబ్రరీ, హాస్టల్ పైకప్పుల నీరు కూడా పడుతుంది కాబట్టి కాస్త పెద్దది చెయ్యాలి.
గ్రౌండు కింద చిల్లుల పైపులు చేపముల్లులా, నడుమ వెన్నెముక, పక్కలకి ముళ్లు, చుట్టూ కంకర, పైన ఇసుక. పులస ముల్లంత దట్టంగా అక్కర్లేదు లెండి. హెలీప్యాడ్ కంకర మొత్తం తవ్వి తియ్యాలి.

ఫ్రిస్కో_గోదారోడు (ఉదయం 7:55)
చెరువు తవ్వకానికి నేనిస్తాను. గట్టు మీద నాన్నగారి పేరుతో ఒక బెంచీ వేస్తే చాలు. ఆర్చి వదిలేయండి.
మా మేనల్లుడు చెప్పాడు, 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకి ఖర్చు పెట్టాలట, అందులో గ్రామీణ క్రీడల శిక్షణ కూడా ఉందట. మన చుట్టూ గ్యాసూ చమురూ తవ్వే కంపెనీలున్నాయి కదా, మేడమ్ గారి గదుల కోసం అడిగితే?

పీఈటీ_మేడమ్ (ఉదయం 8:30)
ఉత్తరం నేను రాస్తానండి. నలభై మంది పిల్లల సంతకాలతో.

సైటింజనీరు (బుధవారం సాయంత్రం 5:50)
ఇవాళ ప్రిన్సిపాల్ గారి అనుమతితో గ్యాలరీ చూశాను. ముందు వరసలో ఒక స్తంభం, వెనక వరసలో ఒకటి, రెండు చోట్ల ఉలితో చువ్వదాకా చెక్కించి, దుమ్ము ఊది, ఫినాఫ్తలీన్ చల్లాం. మన ఇంటర్ ల్యాబులో ఉండేదే. క్షారం బతికున్న చోట గులాబీ రంగొస్తుంది, చచ్చిన చోట రంగుండదు. ముందు స్తంభంలో చువ్వ వెనక్కి కూడా రంగు రాలేదు, మామూలు బూడిద రంగే. వెనక స్తంభంలో ఒక అంగుళం లోపల్నుంచి గులాబీ పూసింది, చువ్వ ఆ గులాబీలోనే భద్రంగా ఉంది. కెమిస్ట్రీ సార్ మురిసిపోయి ఫొటోలు తీసుకున్నారు.
రెండు చోట్లతో తీర్పు చెప్పలేను, కోర్లు తీయాలి. అయినా మొత్తం కూల్చాల్సిన పని లేదనే అనిపిస్తోంది. ముందు వరసకి పాత కాంక్రీటు చెక్కేసి, తుప్పు గీకి, కొత్త చువ్వలతో జాకెటింగు, అంటే స్తంభం చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు, చెయ్యాలి. పెద్ద రావిచెట్టు కాకముందే ఆ మొక్కని వేరుతో సహా తీయాలి.
ఒక వింత. అన్నిటికంటే ముందు ఊడిపోయింది తుఫాను తర్వాత వేసిన మాట్లే. ఎందుకో?

మేస్త్రీగారబ్బాయి (సాయంత్రం 6:15)
అది మా నాన్నని అడిగానండి. అప్పుడు కాలవలకి నీళ్లు కట్టేసిన టైమంట, క్యాంపస్ బోరు నీళ్లతోనే కలిపారంట. ఆ బోరు ఉప్పు. టీ కాస్తే విరిగిపోయేది.

సైటింజనీరు (సాయంత్రం 6:22)
చిక్కు వీడింది. ఇనుము ఉన్న కాంక్రీటుకి వాడే నీళ్లలో క్లోరైడ్లు లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదని కాంక్రీటు పనులకి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 చెప్తుంది. ఉప్పు తగిలితే గులాబీ రంగున్నా, అంటే క్షారం బతికున్నా, తుప్పు పడుతుంది. టెండర్లో నీటి పరీక్ష షరతు రాయకపోతే మళ్లీ అదే బోరు, అదే కథ.

సెంట్రింగ్_శాస్త్రం (సాయంత్రం 7:10)
ఒప్పుకుంటున్నా, మెరక మాట వెనక్కి తీసుకున్నా. కానీ పని ఎప్పుడు? దాళ్వా కోతలయ్యి కాలవలు కట్టేశాక, మే నెలలో నేల గట్టిగా ఉంటుంది, తవ్వకానికి అదే అదను. అప్పుడు కాలవ నీరుండదు, బోరు ఉప్పు. కాంక్రీటుకి మంచినీళ్లు ట్యాంకర్లతో తోలాలి, అది ఎస్టిమేట్లో ఇప్పుడే వెయ్యండి. లేకపోతే మావాళ్లు రాత్రిపూట బోరు స్విచ్చి వేస్తారు. మావాళ్లని నాకంటే తెలిసినవాడు లేడు.
హాస్టల్ మాత్రం నేను చూశాను. బంగళాపెంకు కింద దూలాలు చెదలు తినేశాయి, గోడ ఒక మూల కుంగింది. దాన్ని కాపాడమనకండి. కొత్తది కడితే ఈ నేలకి అండర్‌రీమ్డ్ పైల్స్, అంటే అడుగున ఉబ్బెత్తు గడ్డలా ఉండే లోతైన కాంక్రీటు స్తంభాలు, వెయ్యాలి, మామూలు పునాది వద్దు.

వార్డెన్_మాజీ (రాత్రి 8:05)
హాస్టల్ పోతే పోనీ, నాకు బాధ లేదు. వంటింటి గోడ పడగొట్టేటప్పుడు మాత్రం నన్ను పిలవండి. తూము ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తా.

లైబ్రరీ_కిటికీ (రాత్రి 8:40)
లైబ్రరీ చుట్టూ పోసిన మట్టి తీసేస్తే గోడ ఆరుతుందా బాబూ?

మేస్త్రీగారబ్బాయి (రాత్రి 8:55)
ఒక్కసారే ఆరదమ్మా, రెండు ఎండాకాలాలు పడుద్ది. ముందు పాత మట్టం దొరకాలి.

గోడదూకినోడు (ఆదివారం మధ్యాహ్నం 12:35)
మేడమ్ గారు, పన్నెండు మంది పిల్లలు, మేస్త్రీగారబ్బాయి, నేను. నాలుగు పారలు, రెండు గునపాలు. ప్రిన్సిపాల్ గారు రెండడుగుల వెడల్పే తవ్వమన్నారు. లైబ్రరీ ముందు మూడో మెట్టు ముప్పావుగంటలో బయటపడింది, నల్లరాయి, అంచు అరిగిపోయి నున్నగా ఉంది. సిండర్‌ట్రాక్ గారికి వీడియో కాల్ చేస్తే కాసేపు మాట్లాడలేదు. నాలుగోది కూడా దొరికింది, దాని మీద అప్పటికే నీరూరుతోంది. ఐదోదాని కోసం గునపం దింపితే ఠంగుమంది గానీ, బురదనీరు తోడేకొద్దీ నిండిపోతోంది. మేలో చూద్దామన్నాడు మేస్త్రీగారబ్బాయి. ప్రస్తుతానికి మూడో మెట్టు కడిగాం, పిల్లలు దాని మీద కూర్చుని బఠాణీలు తింటున్నారు.